మామ పెట్టిన స్విచ్ బోర్డులు, నేను పెట్టిన ఒక్కటి

మా మేనమామ పోయాడు. రెండు వారాల కిందట మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, "మామ లేడు బిడ్డా" అంది. ఆ వెంటనే, "ఏమన్న తిని రా, ఈడ పొయ్యి ఎలిగియ్యరు" అంది. మా ఇంట్లో దుఃఖం కూడా ముందు తిండి సంగతి కనుక్కునే లోపలికి వస్తుంది.

మామ శామీర్‌పేటలో ఎలక్ట్రీషియన్. మేడ్చల్ నుంచి కీసర దాకా కొత్త ప్లాట్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు చాలామంది ఇవాళ మంచం దిగకుండా లైటు ఆర్పుతున్నారంటే అది ఆయన చలవ. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఈసారి స్విచ్ నొక్కేటప్పుడు ఒక్కసారి తలుచుకోండి. అంతకంటే పెద్ద సంతాప సభ పెట్టినా ఆయనకు నచ్చేది కాదు. మైకు వైరు ఎవడు లాగాడని అడిగి ఉండేవాడు.

పడగ్గదిలో ఆయన పని ఒక చాపతో మొదలయ్యేది. గోడలు లేచి, ప్లాస్టరింగ్ ఇంకా కాని గదిలో, మంచం ఎక్కడ వస్తుందో అడిగి అక్కడ చాప పరిచేవాడు. ఇంటి యజమానిని దాని మీద పడుకోబెట్టి, కళ్లు మూసుకుని లైటు కోసం చెయ్యి చాపమనేవాడు. ఆ చెయ్యి గోడ మీద ఎక్కడ ఆనితే అక్కడ సుద్దముక్కతో గీత. ఉలి, సుత్తి ఆ తర్వాతే బయటికి వచ్చేవి.

పేట్ బషీరాబాద్‌లో ఒకాయన ఉండేవాడు. పొలాలు ప్లాట్లయ్యాక తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటులోకి మారిన మనిషి. చాప చూసి ఆయనకు కోపం వచ్చింది.

"ఏంది, నన్ను గీ సిమెంటుల పండుమంటవా?"

"చాప ఏసిన గద పటేలా. జర పండుండ్రి. లేకుంటే ఇగ బతికినన్ని దినాలు లేసుడే."

పడుకున్నాడు. మామ ఆయన భార్య వైపు తిరిగి, "అక్కా, ఫ్యాన్ స్విచ్ ఏ దిక్కు పెట్టాలె?" అన్నాడు.

"నా దిక్కే పెట్టు తమ్మీ. ఈయన ఐదు మీద పెట్టి ముసుగు తన్ని పంటడు. నేను సలికి సస్త."

చాప మీది నుంచే పటేల్ తల ఎత్తాడు. "గిది గిప్పుడు జెప్తవా, ఇరవయ్యేండ్లకు?"

"ఇన్నేండ్లు అడిగినోడు ఎవడున్నడు?"

ఫ్యాన్ రెగ్యులేటర్ ఆమె వైపే వెళ్లింది. ఒక సంసారంలో ఇరవై ఏళ్ల వివాదాన్ని సుద్దగీతతో పరిష్కరించిన న్యాయమూర్తిని నేను మరొకరిని చూడలేదు.

అప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎలక్ట్రికల్‌లో బీటెక్ పూర్తయింది, ఉద్యోగం రాలేదు, ఏడాదిపాటు మామ దగ్గర సాంకేతిక సలహాదారుగా పనిచేశాను. ఆ హోదా నాకు నేనే ఇచ్చుకున్నది. అసలు పని చాప మోయడం. ఒకరోజు బండి మీద వెళ్తూ, "స్విచ్ ఎత్తుకు ఒక లెక్క ఉంటది మామా, టేపు పెడితే అయిపాయె, గీ నాటకమంతా ఎందుకు?" అన్నాను.

"టేపు పండదు అల్లుడా. మనిషి పండుతడు. పండేటోన్నే పండవెట్టాలె."

నాలుగేళ్ల చదువులో నాకెవరూ ఇలా చెప్పలేదు.

ఆయనకు వేరే పట్టింపులూ ఉండేవి. మంచం కొన్నారా, ఇంకా కొనాలా అని తప్పక అడిగేవాడు. మంచం తలవైపు చెక్క ఎత్తుగా ఉంటే ప్లగ్ పాయింట్ దాని వెనక సమాధి అవుతుందని ఆయన భయం. ఛార్జింగ్ పాయింట్ దిండుకు సరిగ్గా పైన పెట్టమంటే ఎంత చెప్పినా పెట్టేవాడు కాదు. "రేపు ఇంట్ల పసిపోరగాండ్లు అయితరు. తల కాడ వైరు యాలాడొద్దు" అనేవాడు. పెళ్లి కూడా కాని కుర్రాళ్లకు సైతం ఇదే మాట.

నిరుడు చలికాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట నెమ్మదించింది. ఆయన గదిలో స్విచ్ బోర్డు తలాపు గోడకు కుడి వైపు ఉంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో తనే పడుకుని, అత్తమ్మతో గీత గీయించి పెట్టుకున్నది. ఇప్పుడు దాని కింద ఆ చెయ్యి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేది. మంచం కుడి పక్కకు జరిపి బోర్డును ఎడమ చేతికి అందేలా చేద్దామంటే తలుపు తెరుచుకోదు.

అన్నం తినిపించినా, స్నానం చేయించినా ఆయన ఏమీ అనుకోలేదు. లైటుకూ ఫ్యానుకూ మాత్రం మనిషిని పిలవాల్సి రావడం భరించలేకపోయాడు.

"ఎడమ దిక్కు... ఒక బోర్డు పెట్టు అల్లుడా" అని నన్ను అడిగాడు. "లైటుకు పిలువాల్నంటే... సిగ్గయితాంది."

"రిమోట్ కొనిస్త మామా. మస్తుగ నొక్కుకో."

"రిమోట్ దిండు కింద పోతది. గోడ... యాడికి వోదు."

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం ఉలి, సుత్తి పట్టుకుని వెళ్లాను. దుమ్ముకు ఆయనకు దగ్గు వస్తుందని అత్తమ్మ ఆయన్ను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టింది. నేను మంచం మీద పడుకున్నాను, ఎడమ చెయ్యి చాపాను, గీత గీశాను, గోడ కొట్టాను. మధ్యాహ్నానికల్లా బోర్డు బిగించి, చుట్టూ వైట్ సిమెంట్ పూసి, పనిమంతుడిలా చేతులు దులుపుకున్నాను.

ఇద్దరం కలిసి మామను తెచ్చి మంచం మీద పడుకోబెట్టాం. నెలల తరబడి మంచాన ఉండి బలం తగ్గిన ఎడమ చెయ్యిని ఆయన మెల్లగా పైకి లేపాడు. బోర్డుకు నాలుగు వేళ్ల కిందే అది ఆగిపోయింది. అక్కణ్ణుంచి పైకి పోలేక కిందికి దిగింది.

"ఎవర్ని పండవెట్టినవ్ అల్లుడా?"

"నేనే పండిన మామా."

"అయితే... ఇగ నువ్వే ఉండు ఈడ." సగం నోటితో నవ్వాడు. అత్తమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వడం నాకు ఎప్పుడూ సులువే.

వచ్చే ఆదివారం కిందికి దించుతానన్నాను. "తొందరేం లేదు" అన్నాడు. అది ఆయన మర్యాద. నేను నిజమనుకున్నాను, నిజమనుకోవడం నాకు హాయిగా ఉంది కనుక. తర్వాతి ఆదివారం సూరారంలో స్నేహితుడి పెళ్లి. ఆ పై వారం వాన. మిగతా మూడు ఆదివారాలకు చెప్పుకోదగ్గ కారణం కూడా లేదు, నిద్రపోయాను. ఆరో ఆదివారం రాకముందే అమ్మ ఫోన్ వచ్చింది.

పదకొండో దినం నాడు భోజనాలయ్యాక అత్తమ్మ నన్ను ఆ గదిలోకి పిలిచింది.

"నన్ను ఒక్కనాడు గూడ పిలువలే బిడ్డా. లైటు బందువెట్టాల్నా అంటే, 'ఉండనియ్యి, అల్లుడు బోర్డు వెట్టిండు, నేనే జేస్త' అనేటోడు. ఎలుగుల్నే పండేటోడు."



ఆమె గోడ చూపించింది. నేను పూసిన వైట్ సిమెంట్‌కు ఎవరూ రంగు వేయలేదు. బోర్డు కింద దాని మీద నూనె మరకలున్నాయి. రోజూ పొద్దున ఆమె ఆయన చేతులకు నూనె మర్దన చేసేదట. మొదటివి నాలుగు వేళ్ల కింద, ఒకే చోట గుంపుగా, నల్లబడి ఉన్నాయి. వాటి మీద కొన్ని, వాటి మీద ఇంకొన్ని, పైకి పోయేకొద్దీ పలచబడుతూ ఉన్నాయి. అన్నిటికంటే పైన ఒకే ఒక్క వేలిముద్ర ఉంది. దానికీ స్విచ్‌కూ మధ్య వేలెడు దూరం కూడా లేదు.