వలస పోని పిల్ల

మల్యాల దగ్గర ఒక హైస్కూల్ల లెక్కలు చెప్పేటోణ్ణి. కంప్యూటర్ మీద చెయ్యి తిరిగినోణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి బడి వివరాలన్నీ ఆన్‌లైన్ల ఎక్కించే పని గూడ నా మీదనే పడ్డది. ఎంతమంది పిల్లలు, ఎంతమంది మధ్యల మానేసిండ్రు, పదిల ఎంతమంది పాసయిండ్రు, అన్నీ పైకి పంపాలె. ఫలితాలు గేటు కాడ బోర్డు మీద రాసి పెట్టాలె. అది చట్టం చెప్పిన పని. మొదట్ల నాకు ఇష్టంగనే ఉండేది. బడిలకు వచ్చి అడగడానికి జంకే తల్లిదండ్రులు బయట నిలవడి చదువుకుంటరు గదా అనుకునేటోణ్ణి.

ఆ ఏడు పదోతరగతిల ఒక పిల్ల ఉండె. నాయిన దుబాయిల కూలిపనికి పోయిండు. తల్లి బీడీలు చేసేది. బడికి రెండు గల్లీల అవతలనే వాళ్లిల్లు. పత్తి ఏరే రోజులల్ల పిల్ల గూడ తల్లితోని చేనుకు పోయేది, గందుకే నాగాలు ఎక్కువ. లెక్కల్ల బాగా వెనుక. కానీ మొద్దు కాదు. మళ్లొకసారి చెప్తే పట్టుకునేది. ఆ మళ్లొకసారి చెప్పే తీరిక మాకు లేకుండె.

జగిత్యాలల జిల్లా విద్యాశాఖ మీటింగయింది. కిందటేడు ఫలితాలు తక్కువొచ్చిన బళ్ల హెడ్మాస్టర్లను అందరి ముంగట నిలవెట్టిండ్రు. మా హెడ్మాస్టర్ గూడ నిలవడ్డడు. మర్నాడు నన్ను రూముకు పిలిచి తలుపు దగ్గరికేసిండు.

"గీ ఒక్క పిల్లతోని మన వంద శాతం పోతది సార్. పరీక్షకు పేర్లు పంపకముందే టీసీ ఇద్దాం. వచ్చే ఏడు ఓపెన్ స్కూల్ల రాసుకుంటది."

"ఇంకా టైమున్నది గదా సార్, నేను చెప్త," అన్న.

"నిరుడు గూడ గిట్లనే అన్నరు. నిలవడ్డది నేను."

సరే అని బయటికొచ్చిన.

తల్లిని పిలిపించిండ్రు. ఆమె కొంగు చేతికి చుట్టుకొని నిలవడ్డది. "ఫెయిలయితే అయితది సారూ, ఒక్కసారి రాయనియ్యుండ్రి," అన్నది. ఫెయిలయితే పిల్ల మనసు విరుగుతదని హెడ్మాస్టర్ మెత్తగా చెప్పి సంతకం పెట్టిచ్చుకున్నడు.

బడి ఎందుకు మానేసిందో ఆన్‌లైన్ల కారణం చూపెట్టాలె. బడే వద్దన్నదనే కారణం ఆ జాబితల లేదు. 'వలస' అన్నదాని మీద నొక్కిన. పిల్ల నా టేబుల్ పక్కకే నిలవడి తెర చూస్తున్నది.

"నేను ఏడికి పోయిన అని రాసిండ్రు సార్?"

"ఏదో ఒకటి రాయాలె బిడ్డా," అన్న.

ఆ తర్వాత వాళ్లింటి ముంగటి నుంచి పోతుంటే తల పక్కకు తిప్పుకునేటోణ్ణి. ఒకరోజు ఒళ్లె చాట పెట్టుకొని బీడీ ఆకు కత్తిరిస్తున్న పిల్ల, "నమస్తే సార్," అన్నది. తిరిగి పలికిన్నో లేదో యాది లేదు.

ఫలితాలొచ్చినయి. వంద శాతం. బోర్డు మీద పెయింట్‌తోని నేనే రాసిన. జగిత్యాలల హెడ్మాస్టర్‌కు శాలువ కప్పిండ్రు. నేను గూడ చప్పట్లు కొట్టిన.

ఆ పిల్ల అక్క సిరిసిల్లల బట్టలు కుట్టే యూనిట్ల పని చేస్తది. ఇంటికొచ్చినప్పుడు బోర్డు చదివింది. పదిల చేరినోళ్లెందరు, పరీక్ష రాసినోళ్లెందరు, తక్కువైనోళ్లు ఏమయిండ్రు అని సమాచార హక్కు కింద కాయితం పెట్టింది. జవాబు రాసుడు మళ్ల నా వంతే. నిజం చెప్పే అవకాశం చేతికందింది. "రికార్డుల ప్రకారం ఒకరు వలస" అని రాసిచ్చిన.

వారానికి ఆమెనే బడికొచ్చింది. గొంతు లేపలే.

"సార్, మా చెల్లె వలస పోయిందని రాసిండ్రు. దినాం మా వాకిలి ముంగటికెల్లే బడికొస్తరు. బీడీలు చేసుకుంట కూసున్న పిల్ల మీకు అగుపడ్తలేదా?"

"అగుపడ్తది."

"మరి గదే రాసియ్యుండ్రి."

నేను రాసియ్యలే. ఆమె అప్పీలుకు పోయింది. జగిత్యాలల విద్యాశాఖ పెద్దసారు ముంగట ఈసారి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన అంతా విని, "పోయినేటి డేటా లాకయింది, ఇగ మార్చరాదు," అన్నడు. తప్పుడు ఎంట్రీ చేసినందుకు మెమో మాత్రం వచ్చింది, నాకొక్కనికే. హెడ్మాస్టర్ చెయ్యమన్నట్టు కాయితం మీద ఏడ లేదు. నన్నొక్కణ్ణే ఎందుకు పట్టుకున్నరని చాన్నాళ్లు గొణిగిన. పిల్ల గూడ ఒక్కతే ఇంటికాడ కూసున్నదన్న సంగతి అప్పుడు నాకు తట్టలే.

మరుసటేడు ఆ పిల్ల కోరుట్లల ఓపెన్ పరీక్ష రాసి పాసయింది, లెక్కల్ల గూడ. అక్క సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పక్కన కూసొని చెప్పిందట. ఆ పాసు మా బడి లెక్కలకు రాదు.

సంగతి తెలిసి వాళ్లింటికి పోయిన. తల్లి కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. "సార్ అచ్చిండు, రా బిడ్డా," అని లోపటి దిక్కు చూసి పిలిచింది. పిల్ల రాలే. తల్లి మళ్ల పిలవబోతే వద్దన్న. నీళ్లు తాగి లేచిన.