ఎడమకు తిరగని స్టీరింగ్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. పల్నాడులో మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. నరసరావుపేటలో నాకొక షెడ్డు ఉంది. లారీలకూ ట్రాక్టర్లకూ పవర్ స్టీరింగ్ పని చేస్తాను. ఒక పొద్దున దాచేపల్లి సిమెంటు లారీల వెనక, నలభై ఏళ్ల నాటి విదేశీ కారొకటి వచ్చి ఆగింది. రంగు వెలిసింది గానీ ఎక్కడా సొట్ట లేదు.

తోలుకొచ్చింది సాంబశివరావు గారు. పక్క సీట్లోంచి ఆయన అక్క విజయలక్ష్మి గారు దిగారు. అరవై దాటిన మనిషి. గురజాల దగ్గర వాళ్ల మిరప చేలన్నీ ఆమే చూసుకుంటారు. వాళ్ల నాన్న మద్రాసులో కొన్న ఆ కారు మీదే డ్రైవింగ్ నేర్చుకుని, ఇన్నేళ్లూ దాంట్లోనే చేలకు తిరిగారు. కిందటేడు రొమ్ము క్యాన్సర్ వచ్చి కుడివైపు ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ ఆ చెయ్యి పూర్తిగా పైకి లేవడం లేదు.

"స్టీరింగ్ బరువంటది మస్తానూ," అన్నారు సాంబశివరావు గారు. "పాత బండి గదా, కాస్త బరువు ఉంటానే ఉంటది. నువ్వొకసారి చూస్తే అమ్మేద్దామని. చేతిలో బలం లేనప్పుడు ఇంత బండి ఏం చేసుకుంటది?"

ఆమె బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"ఎటు తిప్పితే బరువక్కా?" అని అడిగాను.

"ఎడమకే. కుడికి బాగానే వచ్చిద్ది. ఎడమకి తిప్పాలంటే కుడిచేత్తో గదా నెట్టాల. బండిది కాదులే, నా చెయ్యే."

ఈ పని తెలియని వాళ్ల కోసం ఒక మాట. ఇంజన్ తిరిగితే బెల్ట్ ఒక పంపుని తిప్పుతుంది. ఆ పంపు ఆయిల్‌ని గట్టిగా తోస్తే, అది హోస్ గుండా స్టీరింగ్ బాక్స్‌లోకి వెళ్తుంది. మనం ఎటు తిప్పితే లోపలి వాల్వ్ ఆయిల్‌ని ఆ వైపు మళ్లిస్తుంది. చక్రాలను తిప్పే బరువులో ఎక్కువ భాగం ఆయిలే మోస్తుంది. తోలే మనిషి దారి చూపిస్తే చాలు.

ముందు పాత ఆయిల్ తీసేశాను. నల్లగా, మాడు వాసన కొడుతోంది. కొత్తది పోసి బెల్ట్ బిగించాక, అప్పటిదాకా వినిపిస్తున్న పంపు మూలుగు ఆగింది. తోలి చూశాను. కుడికి వెన్నలా తిరిగింది. ఎడమకి నాకే భుజం పట్టేసింది.

పంపుకీ బాక్స్‌కీ మధ్య, ఆయిల్ ఒత్తిడి ఎంతుందో ముల్లుతో చూపే ప్రెషర్ గేజ్ తగిలించాను. సాంబశివరావు గారిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, అక్కని గేజ్ దగ్గరకు పిలిచాను. ఆయన కుడికి కొసదాకా తిప్పగానే ముల్లు పైకి లేచింది. ఎడమకి తిప్పితే సగంలోనే నిలిచిపోయింది.

"పంపు బానే తోస్తంది. ఎడమకి తిప్పినప్పుడు బాక్స్ లోపల ప్రెషర్ కారిపోతంది. ఎవురు తిప్పినా బరువే," అన్నాను. "నీ చెయ్యి కాదక్కా."

ఆమె ముల్లు వంకే చూస్తున్నారు. "ఇంకోసారి తిప్పరా," అన్నారు తమ్ముడితో. ఆయన తిప్పారు. ముల్లు మళ్లీ అక్కడే ఆగింది.

"ఏడాది నుంచీ ఈ చెయ్యి ఇంక పనికిరాదనే అనుకుంటన్నా," అన్నారు నెమ్మదిగా.

సాంబశివరావు గారు ఇంజన్ ఆపి కిందికి దిగారు. "నేనూ అదే అనుకున్నా అక్కా," అన్నారు.

బాక్స్ దించి విప్పితే, వాల్వ్ మీద ఉండే సన్నటి సీల్ రింగుల్లో ఒకటి చిట్లి ఉంది. ఆ కొలత మా ఊళ్లో దొరకలేదు. గుంటూరులోనూ లేదు. బొంబాయిలో పాత కార్ల సామాన్లమ్మే ఒకాయన పంపించాడు. రింగులన్నీ మార్చి బాక్స్ ఎక్కించాక బ్లీడింగ్ చేశాను. అంటే లోపల చిక్కుకున్న గాలి తీసెయ్యడం. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపి ఉంచి, స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకి నిదానంగా తిప్పుతూ, బుడగలు ఆగేదాకా ఆయిల్ పోస్తూ ఉండాలి. తొందరపడితే గాలి మిగిలిపోయి పంపు మళ్లీ మూలుగుతుంది.

బండి తీసుకెళ్లడానికి ఇద్దరూ వచ్చారు. తాళాలు ఆమెకిచ్చాను. మా షెడ్డులోంచి రోడ్డెక్కాలంటే ఎడమకే, అదీ ఇరుకు మలుపు. ఆమె కుడిచెయ్యి స్టీరింగ్ మీద ఆనించి నెమ్మదిగా నెట్టారు. కారు ఒక్క ఊపులో మళ్లింది. కాస్త ముందుకెళ్లి ఆపి, అద్దం దించారు.

"నొప్పి ఉంది మస్తానూ. కానీ తిరిగిద్ది," అన్నారు నవ్వుతూ. పక్కన కూర్చున్న తమ్ముడు అమ్మకం మాట ఎత్తలేదు. గురజాల దాకా ఆమే తోలుకెళ్లారు.

అంతకు ముందు చెడింది ఏమిటో బాగుచేసి, అదొక్కటే చెప్పి పంపేవాణ్ణి. చెడనిది ఏమిటో చెప్పడం కూడా నా పనేనని ఆమె వల్ల తెలిసింది. ఇప్పుడు ఎవరు స్టీరింగ్ బరువని వచ్చినా, గేజ్ తగిలించి ముల్లు వాళ్ల కళ్లకే చూపిస్తాను. వయసైన వాళ్లయితే రెండుసార్లు చూపిస్తాను.