మావ తల వంచిన చోటు

1968. బొబ్బిలి బజారులో నాకో ఫొటో స్టూడియో ఉండేది. నా చదువు ఐదో తరగతితో ఆగింది. లెన్సుల సంగతి పాత పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నదే. ఒక పొద్దున డ్రాయింగు మాస్టారు రామ్మూర్తిగారు పదహారు ఎం.ఎం. సినిమా కెమెరా ఎరువు తెచ్చి, "అప్పలస్వామి మావ వీణ చేస్తుండగా తీద్దాం. ఆయన తర్వాత ఆ పని ఎలా చేసేవాడో చూపించడానికి ఎవరూ ఉండరు" అన్నారు.

మూడు రీళ్ల రివర్సల్ ఫిల్మ్ దొరికింది. దానికి నెగటివ్ ఉండదు. తీసిందే కడిగి తెర మీద ఆడించాలి. కెమెరాకి కీ ఇస్తే అర నిమిషంలోపే ఆగిపోయేది.

మావ పనస దుంగ ముందు కూర్చుని ఉలి ఎత్తాడు. స్టూడియో అలవాటు కొద్దీ "కదలకండి!" అన్నాను. కెమెరా ఆగేదాకా ఆ ఉలి గాల్లోనే ఉండిపోయింది.

"ఏటి బాబూ, నన్ను బొమ్మని సేసినావేటి?"

"పని చెయ్యండి మావా, పని!"

"మరి కదలొద్దన్నావు గదా! నీకేటి కావాలో ముందు నువ్వు తేల్సుకో."

తర్వాత వీణ కుండ, అంటే గుండ్రంగా తొలిచే భాగం, మొదలుపెట్టాడు. మాటిమాటికీ చెక్కని వేలితో కొట్టి, తల పక్కకి వంచేవాడు. వంచినప్పుడల్లా నేను "తల నిటారుగా" అని సరిచేశాను. ముఖం పక్కకి పోతే ఫొటో పాడైనట్టేనని నా శాస్త్రం.

మద్రాసులో కడిగించి తెచ్చి, ముక్కలు అతికించి, బడి హాల్లో ఆడించాం. విజయనగరం నుంచి వచ్చిన ఒక పత్రిక సమీక్షకుడు సగంలో సిగరెట్టుకి లేచిపోయి, "వీణ వినిపించని వీణ చిత్రం" అని రాశాడు. ధ్వని పట్టే యంత్రం మాకెవరిచ్చారు? చూడని సగానికి కూడా తీర్పు చెప్పడం ఏ కాలేజీలో నేర్పుతారు? ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మావ మాత్రం నేల మీద కూర్చుని ఆఖరిదాకా చూశాడు.

"సేతులు బాగా సూపించినారు. పని నేదు" అన్నాడు.

మాస్టారి ముఖం వాడిపోయింది. "అదేంటి మావా?"

"కుండ ఎంత పల్సనవ్వాలో సేతికేటి తెలుస్తాది? సెవికి తెలుస్తాది. కొట్టి ఇంటాను. ఇన్నప్పుడల్లా ఈ బాబు నా తల నిలబెట్టేసినాడు."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. మర్నాడు మాస్టారు, ఆ మూడింటిలో ఇంకో చిత్రానికని దాచుకున్న ఒక్క రీలూ తెచ్చి నా చేతిలో పెట్టారు.

మావ కొత్త దుంగ మొదలుపెట్టేదాకా ఆగి, మళ్లీ వెళ్లాం. ఈసారి నేను నోరెత్తలేదు. ఆయన చెవి పక్కనే కెమెరా పెట్టాను. కొట్టాడు, తల వంచాడు, విన్నాడు. పొట్టు తీసి మళ్లీ కొట్టాడు. చాలనుకున్నాక ఉలి కింద పెట్టేశాడు.

ఆ రీలూ కడిగించి, అతికించి వేసిన రెండో ఆటకి మాస్టారు ఆ సమీక్షకుణ్ణే బతిమాలి పిలిచారు. సరిగ్గా తెర మీద మావ తల వంచే చోట, సమీక్షకుడు పక్కవాడితో గట్టిగా మాట్లాడుతున్నాడు. వెనక నుంచి మావ భార్య నరసమ్మ కసిరింది:

"ఓ బాబూ, కాసేపు నోరు ముయ్యండి. ఆయన ఇంటన్నాడు!"

హాలంతా ఊపిరి బిగబట్టింది, మూగ సినిమాకి.

సమీక్షకుడు రెండోసారి ఏమీ రాయలేదు. నేను మాత్రం ఆ తర్వాత స్టూడియోలో ఎవరి తలా చటుక్కున సరిచేయలేదు. ఎందుకు వంచారో ముందు అడిగేవాణ్ణి.