పొగమంచులో మౌనవ్రతం

విదేశంలో మేముండే గాల్వే ఊరికి దగ్గరలో రాతి ఎడారిలాంటి కొండ ఒకటి ఉంది. చెట్టన్నదే లేదు. ఎటు చూసినా బూడిదరంగు బండలు, వాటి మధ్య లోతైన నెర్రెలు. పోయిన వేసవిలో ఒక ఏకాదశినాడు మా సత్సంగం వాళ్లమంతా ఆ కొండెక్కాం. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు శిఖరం చేరేదాకా మౌనవ్రతం పట్టారు.

సగం దూరం ఎక్కేసరికి పొగమంచు కమ్మేసింది. తడుముకుంటూ అందరం ఒకచోట చేరి చూసుకుంటే అత్తగారు లేరు!

"అత్తయ్యా! ఎక్కడున్నారు? పలకండి!" అని గొంతు చించుకున్నాను.

"ప్రాణం మీదికొచ్చినా అమ్మ వ్రతం వదలదు," అన్నారు మావారు.

ఏం తోచిందో, "గోవిందా!" అని గట్టిగా అరిచాను.

"గోవింద!" అంటూ మా గుంపంతా అలవాటుగా హోరెత్తించింది.

"అయ్యో, మీరు కాదండీ! ఆవిణ్ణి పలకనివ్వండి!"

అందరూ నోళ్లు మూసుకున్నారు. మళ్లీ పిలిచాను. ఎడమవైపు కింది నుంచి సన్నగా వినిపించింది, "గోవింద!"

పిలుస్తూ, వింటూ, బండల మీద పాకుతూ వెళ్లాం. అత్తగారు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. ఇంకొక్క అడుగు వేస్తే అగాధమే.

మంచు విడిపోయి శిఖరం చేరాక అడిగాను, "నేను పిలిస్తే పలకరేం అత్తయ్యా?"

"మౌనం మన మాటలకే, పిచ్చిపిల్లా! ఆయన పేరుకు కాదు."

పిలిస్తే పలికే దైవమని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాను. "ఆ రోజు పలికింది మా అమ్మే కదా!" అని మావారు నవ్వుతారు. నేను మాత్రం ఒప్పుకోను.