క్రీమ్ రంగు మీద ఎర్ర చుక్క

ఉదయం తొమ్మిదిన్నరకు షెడ్డులో చాయ్ గంట మోగింది. అందరూ కప్పులు పట్టుకుని నీడలోకి వెళ్లారు. నేను వెళ్లలేదు. ఆ రోజుల్లో, ఎవరూ చూడకుండా చేసిన పని జరగనట్టే లెక్క అని నాకొక నమ్మకం ఉండేది. ఇరవై మూడేళ్ల వయసులో అది తెలివిలా అనిపించేది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. మా పెద్ద పెయింటరు కాక చనిపోయి ఇంకా ఏడాది కాలేదు. ఇది ఆయన ఉండగానే రాయవలసింది.

సౌదీలో దమ్మామ్ శివార్లలో, రోజూ ఉద్యోగులను మోసే ప్యాసింజర్ రైలు బండ్ల డీజిల్ ఇంజన్లకు రంగులు వేసే షెడ్డు అది. పెయింటర్లలో పెద్దవాడు మెట్‌పల్లి వైపు మనిషి. ఆయనను రంగుల కాక అనేవాళ్లం. ఇంజనుకు పైన క్రీమ్, నడుమ ఆకుపచ్చ పట్టీ, పట్టీ కింద వేలెడు వెడల్పున ఎర్ర గీత. ఆ గీత కాకే గీయాలి. సుద్ద పూసిన దారం కొట్టి, ఒక్క దమ్ములో ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగేవాడు. (ఒక్క దమ్ములో అన్నది మేం బయట చెప్పుకునే గొప్ప. మధ్యలో నాలుగుసార్లు ఆగి నడుము పట్టుకునేవాడు.) ఆ వారం ఆయన మహా హుషారుగా ఉన్నాడు. మూడేళ్లకు సెలవు దొరికింది. ఇంటి దగ్గర ఆయన భార్యకు, అంటే మా కాకికి, శనివారం కంటి ఆపరేషన్. ఆయన వస్తేనే చేయించుకుంటానని ఆమె పట్టుబట్టింది. టికెట్ గురువారానికి. ఈ ఇంజను షెడ్డు దాటగానే ఊరెళ్లి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం మీద ఇంజనీరు సంతకం పెడతాడు.

ఆ రోజు దసరా. పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, "పనిముట్లకు బొట్టు పెట్టినవా కొడుకా?" అని అడిగింది. పెట్టానన్నాను. పెట్టలేదు. కుంచెకు పెడితే కడిగేటప్పుడు పోతుంది. స్ప్రే గన్‌కు పెడితే ఉస్తాద్ చూస్తాడు. (ఉస్తాద్ అంటే మా ఫోర్‌మన్, పెషావర్ మనిషి.) ఆలోచించగా ఇంజనుకే పెడితే సరిపోతుందని తోచింది. ముందు వైపు, దీపం కింద, అప్పటికి బూడిద రంగు ప్రైమరే ఉంది. అందరూ చాయ్‌కి వెళ్లగానే ఎర్ర రంగు డబ్బాలో ఉంగరపు వేలు ముంచి బొట్టు పెట్టాను. ఎండకు ఆరగానే దాని మీద మళ్లీ ప్రైమర్ రాసేశాను. ఇక పైన క్రీమ్ పడుతుంది. దేవుడికి తెలుస్తుంది, ఇంజనీరుకు తెలియదు. ఇంత చక్కటి ఏర్పాటు లోకంలో ఎవరూ చేసి ఉండరనుకున్నాను.

మధ్యాహ్నం కాక క్రీమ్ కొట్టాడు. మర్నాడు పొద్దున దీపం కింద గులాబి రంగు చుక్క కనిపించింది. కాక ఇంకో పూత వేశాడు. తెల్లారేసరికి చుక్క మళ్లీ వచ్చింది, ఈసారి రూపాయి బిళ్లంత. మూడో పూతకు ఇంకా నిండుగా తేలింది. "యే ఫిర్ ఆ గయా!" అని, మళ్లీ వచ్చేసిందంటూ ఉస్తాద్ తల పట్టుకున్నాడు. ఒకరు తుప్పు అన్నారు, ఒకరు లోపలి నుంచి ఆయిల్ కారుతోందన్నారు. ఈజిప్టు ఇంజనీరు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. ఇంజను బయటికి పోదని, రిపోర్టులో రాయడానికి ఒక పేరు కావాలని చెప్పాడు.

నాకింకా ఇక్కామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే కార్డు, చేతికి రాలేదు. పేరు బయటపడితే ఇంటికి పంపించేస్తారని భయం. అందుకే అందరికంటే ముందు నేనే మాట్లాడాను. "డబ్బా నకిలీది సార్! కంపెనీ వాడిని పట్టుకోవాలి!" అని, డబ్బా ఎత్తి దాని మీది అక్షరాలు పైకి చదవడం మొదలుపెట్టాను. కాక డబ్బాను చూడలేదు. దాన్ని పట్టుకున్న నా వేలిని చూశాడు. గోరు సందులో ఎరుపు ఇంకా పోలేదు.

"మేరీ గల్తీ సాబ్. గన్ సాఫ్ నహీ కియా," అన్నాడు కాక, తప్పు తనదే, గన్ సరిగా కడగలేదని.

ఇంజనీరు ఆ పేరు రాసుకుని, సెలవు కాగితం మీద సంతకం ఆపేశాడు. నేను అప్పటికే కడిగిన కుంచెను ఇంకోసారి కడిగాను.

సాయంత్రం కాక రెండు గీకుడు బిళ్లలు తెచ్చి ఒకటి నా చేతికిచ్చాడు. "రా. రేకు దాక గీకాలె. ఎర్ర మీద ఏం ఏసినా పైకి పాకుతదని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్ కాకా."

"మరెందుకు పెట్టినవ్ రా?"

"దసరా కాకా."

"దసరా అయితే? గింత లావు బొట్టు మీ అమ్మన్న పెట్టుకుంటదా?"

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక, "రేపు ఇంజనీరుకు చెప్త కాకా," అన్నాను.

"చెప్పు," అన్నాడు. మళ్లీ గీకడం మొదలుపెట్టాడు.

మర్నాడు బుధవారం. ఇంజనీరు గది ముందు నుంచి మూడుసార్లు నడిచాను. మూడోసారి ఆయనే పిలిచి ఏం కావాలని అడిగాడు. చేతి తొడుగులు కావాలన్నాను. ఇచ్చాడు. గురువారం విమానం కాక లేకుండానే వెళ్లిపోయింది. శనివారం కాకి, తమ్ముణ్ణి తోడు పెట్టుకుని ఆపరేషన్ చేయించుకుంది. "కట్టు ఇప్పంగనే ఆమె తమ్ముని మొగం కనవడ్డదట. మళ్ల కట్టుండ్రి అన్నదట," అని కాక అందరికీ చెప్పి నవ్వించాడు. నేనూ నవ్వాను. ఆయన ఇంటికి వెళ్లింది నాలుగు నెలల తర్వాత. ఆ నాలుగు నెలలూ ఆయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. ఉస్తాద్ కనిపించినప్పుడల్లా నకిలీ డబ్బాల గురించి ఏదో ఒకటి అంటూనే ఉన్నాను.

కాక పోయిన కబురు చెప్పడానికి పెషావర్‌కు ఫోన్ చేశాను. ఉస్తాద్ కాక ఆత్మశాంతికి చాలాసేపు దువా చదివాడు. అప్పుడు చెప్పాను, ఆ చుక్క నాదని. ఆయన ఆశ్చర్యపోలేదు. మేం రంగు గీకిన ఆ సాయంత్రమే కాక వచ్చి తనను కలిశాడట. "లడ్కా ఖుద్ ఆయేగా. రుక్ జావ్," అన్నాడట, పిల్లవాడు తనంతట తానే వస్తాడు, ఆగు అని. ఉస్తాద్ ఇంజనీరును బతిమాలి, కాక సెలవు కాగితాన్ని కొట్టేయకుండా గురువారం మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉంచేలా చేశాడట.

చేతి తొడుగులు పట్టుకుని గదిలోంచి బయటికి వస్తున్న ఆ ఇరవై మూడేళ్ల పెయింటరును తలచుకుంటే నాకిప్పటికీ కొంచెం నవ్వొస్తుంది. వాడి భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తిప్పాలనిపిస్తుంది. ఆ షెడ్డుకు ఇప్పుడు నేను ఫోర్‌మన్‌ని. ఇంజన్ల మీది పట్టీలూ గీతలూ స్టిక్కర్లుగా కోసి వస్తాయి. చేత్తో గీయడం మానేశాం.