తమ్ముడికి నేను కప్పిన గొంగడి

పందుల వేటకు పన్నెండేళ్ల తమ్ముణ్ణి పంపాలా వద్దా అని మా ఇంట్లో మూడు రోజులు గొడవ నడిచింది. మాది ఆత్మకూర్ దగ్గర గుట్టల ఊరు. జొన్న కంకి పాలు పట్టిందంటే అడవిపందులు చేలమీద పడేవి. అప్పుడొక పొద్దున ఊరంతా గుట్ట ఎక్కేది. మగపిల్లలు పైనుంచి డబ్బాలు కొట్టుకుంటూ పందులను కిందికి తోలాలి. కింద వాగులో పెద్దవాళ్లు బరిసెలతో, మా బాపు నాటు తుపాకితో కాచుకునేవారు.

"పాలు మర్వని పోరన్ని పందుల ముంగట నిలవెడ్తవా?" అంది అమ్మ.

"ముంగట కాదే, ఎన్క ఉంటడు. తలకు తెల్ల రుమాలు కడ్తం, దూరంకెల్లి కండ్లవడ్తది. ఇంట్ల కూసుంటె వాని భయమెట్ల పోతది?" అన్నాడు బాపు.

"భయం పోకుంటె పాయె! పోరడు నాకు దక్కితె చాలు."

వాడి అక్కను నేను; నాకు పదిహేనేళ్లు, నోరు మాత్రం ఊరంత. "పోనియ్యే అమ్మా, వాని దోస్తులంత నవ్వుతున్నరు" అన్నాను. అమ్మ పెట్టెలోంచి తెల్ల రుమాలు తీసి బాపు ముందు పడేసింది.

ఆ పొద్దున ఒకటే చలి. తమ్ముడు వణుకుతుంటే పెరటి దర్వాజ దగ్గర ఆపి, తాత నల్ల గొంగడి తలమీంచి కప్పాను. "జర కప్పుకో, ముండ్లు గీకుతయ్" అన్నాను. ఎంత తెలివో నాది!

డబ్బాల మోత ఇంటిదాకా వినిపించింది. అమ్మ రొట్టె చేస్తోంది. తుపాకి పేలింది. డబ్బాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. అమ్మ పిండి చేతులతోనే వీధిలోకి ఉరికింది. నేనూ వెంట గడపదాకా వచ్చాను. రుమాలు గొంగడి కిందే ఉండిపోయిందని, పొదల్లో వంగి నడిచే నల్లటి ఆకారం బాపుకు ఎలా కనబడుతుందో అని అప్పుడు తట్టింది. గడపమీదే కూలబడ్డాను.

చాలాసేపటికి బాపు తమ్ముణ్ణి వీపున మోసుకొచ్చాడు. వాడికి గీత కూడా పడలేదు. గొంగడి అంచున మాత్రం పిడికిలి పట్టేంత బొక్క. "పందే అనుకున్ననే" అన్నాడు బాపు అమ్మతో. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "గొంగడి ఎవలిచ్చిన్రురా?" అని అరిచాడు.

వాడు నా వైపు చూశాడు. "నేనే తీస్కపోయిన" అన్నాడు. చెంప పగిలింది. నేను గొంగడి మడతపెట్టుకుంటూ లోపలికి పోయాను.

మరుసటేడు ఊరివాళ్లు కూర్చున్నప్పుడు, మీసం రానివాణ్ణి గుట్ట ఎక్కనియ్యొద్దని బాపే పట్టుబట్టాడు. "మరి డబ్బాలెవలు కొట్టాలె?" అన్నారెవరో. "పందులు తింటె తిననీ" అన్నాడు.

తుపాకి మళ్లీ ముట్టలేదు. "కన్నకొడుకును గుర్తువట్టని కండ్లు ఇవి" అని పోయేదాకా తనను తానే తిట్టుకున్నాడు. గొంగడి కప్పింది నేనే బాపూ అని ఒక్క మాట అంటే సరిపోయేది. భయపడ్డాను.