మాత్ర వేసుకోకుండా కాకినాడ దాకా

ఉదయం ఆరు గంటలకు రాజోలులో బస్సెక్కాను. నాకు ఏడో నెల. పెళ్ళికి ముందు నుంచీ మూర్ఛ ఉంది. పొద్దునా రాత్రీ మాత్ర పడకపోతే కుదరదు. ఆ రోజు మాత్రం రక్తం ఇచ్చేదాకా పొద్దుటి మాత్ర వేసుకోవద్దని కాకినాడ డాక్టరమ్మ చెప్పారు. రాత్రి వేసుకున్న మందు తెల్లారేసరికి ఒంట్లో ఎంత మిగిలిందో అప్పుడే తెలుస్తుందట. దారిలో ఫిట్స్ వస్తే? పొట్ట మీదే పడితే? నాకు చచ్చేంత భయంగా ఉంది.

తోడు మా అత్తయ్యగారు. మా ఆయన కువైట్‌లో ఉన్నాడు. ఫోనులో ధైర్యం చెప్పడం తప్ప పాపం ఏం చేయగలడు? మాత్రల డబ్బా అత్తయ్యగారి సంచిలో ఉంది.

అమలాపురంలో బస్సు మారాం. "కిటికీ వైపు కూర్చోమ్మా. పడ్డా నా మీదే పడతావు" అన్నారు అత్తయ్యగారు. ముందు సీటులో ఒకావిడ వెనక్కి తిరిగింది.

"ఏంటండీ, అమ్మాయి మొహం అలా పాలిపోయింది?"

"ఆయ్, ఏడో నెలండి. ఫిట్స్ మందులు వాడుతుందండి."

"కడుపుతో ఉండి మందులేంటండీ బాబూ! బిడ్డకి దిగిపోవూ?"

ఆ మహాతల్లి నా భయానికి ఆజ్యం పోసి ముమ్మిడివరంలో చక్కా దిగిపోయింది.

ఎదుర్లంక వంతెన మీద నా ఎడమ బొటనవేలు అదిరింది. నాకు ఫిట్స్ అలాగే మొదలవుతుంది. యానాం దాటేదాకా ఆ వేలునే చూస్తూ కూర్చున్నాను. గోదావరి వైపు తల తిప్పితే ఒట్టు. అదృష్టం, మళ్ళీ అదరలేదు.

ఆస్పత్రికి చేరేసరికి తొమ్మిదిన్నర. రక్తం తీయగానే, దూదిని చేతి మీద నొక్కి పట్టుకుని మాత్రల డబ్బా అడిగాను. అత్తయ్యగారు సంచి గట్టిగా పట్టుకున్నారు.

"ఇవాళ శుక్రవారం కదమ్మా, చర్చిలో ఉపవాస ప్రార్థన. డాక్టరుగారే వద్దని చెప్పేరు. ఈ పూట మందుకీ ఉపవాసమే అనుకో. బిడ్డకి కాస్త తెరిపి."

"రక్తం తీసేదాకానే వద్దన్నారండీ! మమ్మల్ని చంపేస్తారా ఏంటి?" అని అరిచాను. వరండాలో అందరూ చూశారు. చూస్తే చూడనీ. సంచి లాక్కుని మాత్ర మింగాను.

మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం బాగా దాటింది. ఇవాళ్టి ఫలితం ఇంకా రాలేదని, డాక్టరమ్మ కంప్యూటర్లో పోయిన నెల రక్తం ఫలితం పెట్టి, కిందికి దిగుతున్న గీత ఒకటి చూపించారు.

"మాత్ర అదే వేసుకుంటున్నావు. కానీ కడుపుతో ఉన్నప్పుడు ఒళ్ళు మందుని తొందరగా బయటికి పంపేస్తుంది. మునుపున్నదాంట్లో సగం కూడా లేదు. ఇంకా తగ్గుతుందని ఈ కంప్యూటర్ అంచనా. ఈ రాత్రి నుంచే మోతాదు పెంచాలి. కాన్పయ్యాక మళ్ళీ తగ్గించాలి, లేకపోతే ఎక్కువైపోతుంది."

"బిడ్డలోకి ఎంత వెళ్తుందండీ?"

"కొంత వెళ్తుందమ్మా. ఎంతన్నది కచ్చితంగా చెప్పలేను. పుట్టాక చూస్తాం, పాలిచ్చేటప్పుడూ చూస్తాం. ఫిట్స్ వస్తే మాత్రం ఇద్దరికీ ప్రమాదం."

ఈ పని మీద వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట చెబుతాను: తోడు లేకుండా వెళ్ళకండి. మాత్ర మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

తిరుగు ప్రయాణంలో, అమలాపురంలో రాజోలు బస్సెక్కేసరికి చీకటి పడింది. మాత్ర వేళయింది. పాతది ఒకటి, పెంచినది ఒకటి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నోట్లో వేసుకోవడానికి చెయ్యి లేవడం లేదు. ఇవి బిడ్డని ఏం చేస్తాయో అంత చదివిన డాక్టరమ్మే చెప్పలేకపోయింది, నాకేం తెలుస్తుంది?

ఆస్పత్రిలో అరిచాక అత్తయ్యగారు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నీళ్ళ సీసా మూత తీసి అందించారు.

"వేసేసుకోమ్మా. నువ్వు పడిపోతే నేనొక్కదాన్ని ఇద్దర్నెలా పట్టుకోనూ?"

మింగాను. ఫిట్స్ భయం కాస్త తగ్గింది, మందు భయం పెరిగింది. వెళ్ళొచ్చినందుకు నాకు మిగిలింది అదే. పొట్ట మీద చెయ్యి వేసుకున్నాను. దాని మీద ఆవిడ చెయ్యి వేశారు. బిడ్డ ఎప్పుడు కదులుతుందా అని, రాజోలు వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.